గుట్ట ఎక్కని బండి

బేరాల్లో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి ఒక మాట ముందే చెప్పేస్తాను. ఆ కారు విషయంలో నన్నెవరూ మోసం చెయ్యలేదు. అమ్మినాయన ఉన్న లోపాన్ని ఉన్నట్టే చెప్పాడు. నమ్మకపోవడం నా తెలివితేటలు.

మా కొట్టు అమీర్‌పేటలో. నాన్న ఉన్నంతకాలం అది కిరాణా కొట్టు. కంప్యూటర్ కోర్సుల కోసం ఎక్కడెక్కడి కుర్రాళ్ళూ సంచులు భుజాన వేసుకుని దిగడం మొదలయ్యాక, పప్పులూ బియ్యం ఎత్తేసి బకెట్లు, మగ్గులు, చాపలు, పరుపులు, తాళంకప్పలు పెట్టాను. హాస్టల్లో చేరిన ప్రతివాడికీ మొదటిరోజు కావలసినవి అవే. నేర్చుకునేది ఏ కోర్సయినా బకెట్టు తప్పదు. సగం అమీర్‌పేట జావా మీద బతుకుతుంటే నేను మగ్గుల మీద బతికాను. బజార్లో నా నోట హైదరాబాద్ మాట వస్తుంది, ఇంట్లో అమ్మ దగ్గర కృష్ణా జిల్లా మాట. ఎదుటివాడి భాషలో దిగితేనే బేరం తెగుతుందని నాన్న నేర్పిన విద్య అది.

నాన్న పోయిన కొన్నాళ్ళకి అమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్ళాలి. ఆసుపత్రి పంజాగుట్ట చౌరస్తా దాటాక, శ్మశానం గోడ పక్కనుంచి పైకెక్కే రోడ్డు మీద ఉంది. ఆటోలో తీసుకెళ్తే ఆ పొగకీ దుమ్ముకీ ఆసుపత్రి చేరేలోపే ఆవిడకు ఆయాసం వచ్చేది. ఏసీ ఉన్న కారులో తిప్పమని డాక్టరు అనలేదు గానీ, అన్నాడనే బంధువులందరికీ చెప్పాను. కొట్టువాడు కారు కొంటే వాడి లాభాల మీద అందరికీ చూపు పడుతుంది.

కారు బల్కంపేటలో దొరికింది. ఎల్లమ్మ గుడి వెనక సందులో ఒక పెద్దాయన, ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, అమ్మకానికి పెట్టాడు. తెల్ల రంగు చిన్న కారు, పాతదే గానీ సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా చిరగలేదు. నేను చుట్టూ తిరిగి టైర్లు తన్ని, డోర్లు వేసి తీసి, ముఖం చిట్లించి, చెయ్యాల్సిన నాటకమంతా చేశాను. ఆయన అరుగు మీద కూర్చుని చూస్తూ ఉన్నాడు.

"బండి మంచిగనే ఉంటది సేట్," అన్నాడు చివరికి. "గని గుట్ట ఎక్కది."

"ఏ గుట్ట?"

"పంజాగుట్ట. గా బొందలగడ్డ గోడ పొంటి మీదికి పోయే రోడ్డు. ఇంకెక్కడికన్న పో, మస్తు పోతది. ఆడ మాత్రం ఎక్కది."

సరుకు అమ్మేవాడు తన సరుకును తనే తిట్టుకోవడం నేను ఎక్కడా చూడలేదు. ఇందులో ఏదో ఎత్తు ఉందనుకున్నాను. ఎవరో చుట్టం ఈ కారు అడిగుంటాడు, నన్ను వదిలించుకోవడానికి ఈ కథ చెబుతున్నాడు. అంతే, నాలో బేరగాడు లేచి కూర్చున్నాడు. ఆయన తిడుతుంటే నేను పొగడటం మొదలుపెట్టాను. ఇంజను గొంతు చూడన్నా ఎంత సాఫ్‌గ ఉందో అన్నాను. గుట్టలు నేనే ఎక్కిస్తనన్నాను. కొనేవాడు పొగుడుతూ అమ్మేవాడు తిడుతూ సాగిన బేరం నా జీవితంలో అదొక్కటే. నేను చెప్పిన ధరకు ఆయన ఒక్క మాట కూడా అడ్డం చెప్పకుండా తాళాలు నా చేతిలో పెట్టాడు. ఇంకా తక్కువకు అడగాల్సిందని వారం రోజులు బాధపడ్డాను. ఆయన ముఖంలోకి మాత్రం ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు. బేరంలో ఉన్నప్పుడు నేను సరుకునే చూస్తాను.

కారుకి పూజ చేయించిన రోజున మా వీధి చివరి షెడ్డు మెకానిక్‌ని పిలిచాను. అతన్ని అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. పెద్దవాడే, మాటకారి. పూజ అయ్యాక బానెట్ ఎత్తి, అమ్మకు కారు లోపల ఉన్నవన్నీ చూపించాడు.

"గిదే అమ్మా, బండికి ముక్కు. గీ డబ్బా మూతిలకెళ్ళే గాలి గుంజుకుంటది. ఇది బందైతే బండి బంద్."

అమ్మ వంగి చాలాసేపు చూసింది. ఉస్తాద్ చెప్పింది శ్రద్ధగా విన్న మనిషి ఆ వీధిలో ఆవిడ ఒక్కతే అనుకుంటాను.

మొదటిసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు చౌరస్తా దాకా ఏ ఇబ్బందీ లేదు. ఏసీ చల్లగా వస్తోంది. అమ్మ వెనక సీట్లో ఎడమ పక్కన కూర్చుని, ఇన్నాళ్ళకి మనవాళ్ళు ఎవరైనా చూస్తే బాగుండును అన్నట్టు కిటికీలోంచి చూస్తోంది. సిగ్నల్ దాటి పైకి మళ్ళాను. శ్మశానం గోడ మొదలైంది. దానివెంట సగం దూరం వెళ్ళామో లేదో, బండి బరువెక్కింది.

ఇంజను ఆగలేదు. దగ్గలేదు, కుదపలేదు. దాని గొంతు మాత్రం మెల్లగా కిందికి దిగిపోయింది, నిద్రలోకి జారుతున్న మనిషి గొంతులాగా. ఎక్సిలరేటరు మొత్తం తొక్కాను. తొక్కిన కొద్దీ ఇంకా నీరసపడింది. ఎవరో వెనకనుంచి బంపరు పట్టుకుని, కోపంగా కాదు, వద్దులే అన్నట్టు లాగుతున్నట్టుంది. అద్దంలో చూస్తే నల్లటి పొగ రోడ్డు మీద నిలవకుండా గోడ మీదుగా లోపలికి వంగి పోతోంది. కూరగాయల గంప మోసుకుపోయే మనిషి మమ్మల్ని దాటి, వెనక్కి తిరిగి చూసి, ముందుకి పోయాడు. విసుగొచ్చి పాదం తీసి మళ్ళీ తొక్కాను. కాస్త పరుగెత్తి మళ్ళీ కుంగింది. గోడ అయిపోయి రోడ్డు చదునయ్యాక, ఏమీ ఎరగనట్టు హుషారుగా పోయింది.

అమ్మ ఆసుపత్రి గేటు దగ్గర దిగేటప్పుడు అంది: "మీ నాన్నని దహనం చేసింది ఆ గోడ అవతలే కదరా."

"దానికీ దీనికీ ఏంటమ్మా? పాత బండి."

"నేనేం అన్లేదుగా."

ఆ తర్వాత వెళ్ళినప్పుడూ అక్కడే కుంగింది. ఆ తర్వాతా అక్కడే. గోడలో ఒకచోట సున్నం రాలి ఇటుకలు బయటపడ్డాయి, సరిగ్గా దాని దగ్గరే. తిరిగొచ్చేటప్పుడు అంతా దిగుడు కాబట్టి ఏ బాధా లేదు. అటు వెళ్ళడం కష్టం, ఇటు రావడం తేలిక. అమ్మ దీన్ని తన లెక్కలో వేసుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది.

ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్ళాను.

"ఏడ గుంజుతలేదు సేట్?"

"గుట్ట మీదికి. గోడ కాడ."

"ఏ గోడ?"

చెప్పాను. చేతిలో పానా కింద పెట్టాడు. "గిది ముందుగాల చెప్పాలె కద," అన్నాడు.

అయినా పని మొదలుపెట్టాడు. ప్లగ్గులు విప్పితే నాలుక మీద కాటుక పెట్టినట్టు నల్లగా ఉన్నాయి. "పెట్రోల్ మస్తు తాగుతుంది, గాలి సాల్తలేదు," అని కొత్త ప్లగ్గులు వేశాడు. గాలి ఫిల్టర్ మార్చాడు. కార్బొరేటర్ విప్పి కడిగాడు. కడగడానికి బకెట్టు మా కొట్టునుంచే తెచ్చాను కాబట్టి ఆ మేరకు కూలి తగ్గించమన్నాను. పెట్రోల్ గొట్టం ఊది చూశాడు. బ్రేకులు పట్టుకుంటున్నాయేమోనని జాకీ మీద లేపి, ఒక్కొక్క చక్రాన్నీ చేత్తో తిప్పాడు. అవి నున్నగా తిరిగాయి. ప్రతిదానికీ నేను, ఇది నా దగ్గర డబ్బు గుంజడానికేనని అనుమానపడ్డాను. ప్రతిసారీ అతను, నాకు అన్నం సయించట్లేదు సేట్ నీ బండి వల్ల అన్నాడు.

పని అయిన ప్రతిసారీ ఇద్దరం కలిసి ఆ రోడ్డెక్కి చూసేవాళ్ళం. హాయిగా ఎక్కేది. గోడ పక్కనుంచి ఒక్క మూలుగు లేకుండా పైదాకా పోయేది. మర్నాడు అమ్మను ఎక్కించుకుని వెళ్తే రాలిన సున్నం దగ్గరికి రాగానే గొంతు దించేసేది.

"నువ్వొక్కనివి పోతే ఎక్కుతది," అన్నాడు ఉస్తాద్. "నాతోని ఎక్కుతది. అమ్మ కూసుంటె ఎక్కది. ఇంక నేనేం జెయ్యాలె? అమ్మను సుత విప్పి కడగాల్నా?"

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఆ శనివారమే బండి గోడ పక్కన కుంగినప్పుడు, అమ్మ ముందుకి వంగి నా భుజం మీద చెయ్యి వేసింది.

"తొక్కకురా. పాపం, ఎందుకలా తొక్కుతావు?"

"ఎక్కాలి కదమ్మా."

"ఆయన పట్టుకుంటున్నాడు. ఎన్నాళ్ళని ఈ సూదులు అంటున్నాడు. నాకు తెలుస్తోంది." గొంతులో ఏడుపు లేదు. ధర చెప్పేవాళ్ళ గొంతు అది. "ఇదిగో, ఒకటే మాట. ఇంకొక్కసారి ఇక్కడ ఇలా అయితే నేనింక రాను. మళ్ళీ నన్ను బతిమాలకూడదు."

"ఆటోలో వెళ్దాం, అంతేగా."

"ఆటో అయితే ఆయనకి కనబడదా?"

మా అమ్మ మాట ఇచ్చాక తగ్గదు. నాన్నతో పాటు గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషి. డయాలసిస్ మానేస్తే ఏమవుతుందో డాక్టరు మొదటిరోజే చెప్పాడు. ఒంట్లో నీరు నిలిచిపోతుంది. ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. వారం, రెండు వారాలు, అంతే. ఇప్పుడు ఆవిడ ప్రాణం కారు గోడ దాటడం మీద ఉంది. మళ్ళీ మంగళవారం వెళ్ళాలి. మధ్యలో కొట్టు మూసి బండి చూసుకోవడానికి ఆదివారం ఒక్కటే మాకు మిగిలింది.

ఆదివారం మధ్యాహ్నం కొట్టు మూసి ఉస్తాద్‌ని వెంటబెట్టుకున్నాను. తేడా బరువులో ఉందేమోనన్నది నా ఆలోచన. పక్క కొట్టునుంచి రెండు బియ్యం బస్తాలు తెచ్చి, అమ్మ కూర్చునే చోటే, వెనక సీట్లో ఎడమ పక్కన, ఒకదాని మీద ఒకటి పెట్టాను. పైదాని మూతి ముడి పైకి ఉండటంతో అద్దంలో కొప్పు పెట్టుకున్న మనిషిలాగా కనిపించింది.

"ఎన్కకు సూడను నేను," అన్నాడు ఉస్తాద్ పక్క సీట్లో ఎక్కుతూ.

చౌరస్తా దాటాం. ఆదివారం కాబట్టి రోడ్డు ఖాళీ. గోడ వచ్చింది, రాలిన సున్నం వచ్చింది, వెళ్ళిపోయింది. బస్తాలతో సహా బండి పైకెక్కేసింది. అంటే తేడా బరువులో లేదు. ఎక్కింది మనిషో బియ్యమో దానికి తెలుస్తోందన్న మాట. పైన బండి తిప్పి కిందికి వస్తుంటే నా వీపు తడిసిపోయింది. ఎండ వల్లనే అనుకున్నాను.

"జర ఏసీ ఎయ్యి సేట్, సస్తున్న," అన్నాడు ఉస్తాద్.

"అమ్మ లేంది ఏసీ ఎందుకన్నా. పెట్రోల్ దండగ."

"నీ పెట్రోల్ మీద మన్ను బొయ్య," అని చెయ్యి చాపి అతనే వేశాడు.

కిందినుంచి మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టాం. రాలిన సున్నం దగ్గర బండి గొంతు దిగిపోయింది. వెనక నల్లటి పొగ. ఉస్తాద్ ఇంతసేపూ పట్టిన పంతం వదిలేసి, మెడ మాత్రమే తిప్పి వెనక సీటు చూశాడు. నేనూ అద్దంలో చూశాను. బస్తాలు బస్తాల్లాగే ఉన్నాయి.

అతను మళ్ళీ ముందుకి తిరిగి అడిగాడు. "సేట్, అమ్మ లేనప్పుడు ఎన్నడన్న ఏసీ ఏసినవా?"

వెయ్యలేదు. ఒక్కసారి కూడా వెయ్యలేదు. ఖాళీ బండికి చల్లగాలి పెట్టే వంశం కాదు మాది. అన్నాళ్ళూ కారు అమ్మని గుర్తుపడుతోందని భయపడ్డాను గానీ, నా పిసినారితనాన్ని గుర్తుపడుతోందని తోచలేదు. ఏసీ తీసేసి వెళ్ళాం, ఎక్కింది. వేసి వెళ్ళాం, కుంగింది.

"ఏసీ ఏస్తె ఇంజన్ మీద బరువు పడ్తది," అన్నాడు ఉస్తాద్. "గని ఇంత పడదు. లోపట ఇంకేమో అయితుంది. మనం సూసినప్పుడు అయితలేదు. పోయేటప్పుడు సూడాలె."

చౌరస్తాలో అతనికి తెలిసిన పంక్చర్ షాపు ఉంది. అక్కడ బస్తాలు దించి, కారు బానెట్ విప్పి షాపు గోడకి ఆనించాం. ముఖం ఒలిచేసినట్టున్న కారులో, పేగులన్నీ కళ్ళెదుట పెట్టుకుని, ఏసీ వేసుకుని బయల్దేరాం. బస్‌స్టాపులో ఉన్నవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వబోయి, ఎందుకో ఆగిపోయారు.

ఇంజను పక్కన, ఉస్తాద్ ముక్కు అన్నాడే, ఆ డబ్బా మూతికి ఒక దిష్టి మూట వేలాడుతోంది. అది అక్కడ ఉందని మా ఇద్దరికీ మొదటినుంచీ తెలుసు. మా చుట్టుపక్కల మూటో, నల్లతాడో, ఎండిన నిమ్మకాయో కట్టని బండి లేదు. కట్టినదాన్ని ఎవరూ ముట్టుకోరు. ఉస్తాద్ ఫిల్టర్ మార్చిన రోజున కూడా దాన్ని మోచేత్తో భక్తిగా పక్కకి జరిపి, పని అయ్యాక ఎప్పటిలా వేలాడదీశాడు. ఒకప్పుడు ఎర్రగుడ్డ అయి ఉంటుంది. ఇప్పుడు జిడ్డుతో నల్లబడి, తాడు సాగి, గుడ్డ కొస జానెడు కిందికి దిగి ఉంది.

గోడ దగ్గరికి వచ్చేసరికి, ఏసీ ఫ్యాను గాలికి ఆ కొస ఆడటం మొదలైంది. సున్నం రాలిన చోట ఎత్తు ఎక్కువ, నేను ఇంకాస్త తొక్కాను. కొస లేచింది. ఎగరలేదు, లేచింది. ఏదో వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ తిరిగింది. ఇంకా తొక్కాను. అప్పుడది వంగి, తొందరేమీ లేకుండా, ఆ మూతిలోకి కొద్దికొద్దిగా పోయింది. వెనకే మూట కూడా వచ్చి మూతికి అతుక్కుంది. ఇంజను గొంతు దిగిపోయింది. నేను చూస్తూనే తొక్కి ఉంచాను. గుడ్డ మధ్యలో గుంట పడి, ఎవరో లోపలినుంచి ఊపిరి పీలుస్తున్నట్టు వణుకుతోంది. పాదం తీశాను. మూట వదిలేసింది. కొస మెల్లగా బయటికి జారి, తడితడిగా వేలాడింది.

"యా అల్లా," అన్నాడు ఉస్తాద్, తనకి తనే.

బండి పక్కకి ఆపాను. మూట విప్పెయ్యమన్నాను. అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నేను ముట్ట సేట్. కట్టినోళ్ళు విప్పాలె."

"నువ్వు మెకానిక్‌వా, ఏంది?"

"ఇంజన్ వరకే మెకానిక్‌ని."

కట్టింది ఎవరో నాకు అనుమానం లేదు. పూజ రోజున అమ్మ ఆ మూతిని అంతసేపు ఎందుకు చూసిందో అప్పుడర్థమైంది. మా కొట్టు గుమ్మానికి ఎప్పుడూ మూట ఉండేది. దిష్టి గాలితో పాటు లోపలికి వస్తుంది, గాలి వచ్చే చోటే కట్టాలని ఆవిడ సిద్ధాంతం. కొట్టుకి గుమ్మం ఎలాగో కారుకి ముక్కు అలాగ. ప్రాణం కాపాడమని కట్టి, ఆవిడే బండి గొంతు నొక్కేసిందనుకున్నాను. ఉస్తాద్ దగ్గరున్న కటింగ్ ప్లయరు నేనే తీసుకుని, ముఖం పక్కకి తిప్పి, తాడు కత్తిరించాను. కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చాను. దారంతా నవ్వొచ్చింది. ఈ సంగతి చెబితే అమ్మ కూడా నవ్వి, మంగళవారం లేచి బయల్దేరుతుంది.

కాగితం విప్పి ముందు పెట్టాను. అమ్మ చూసింది.

"ఇది నాది కాదు."

"అమ్మా, ఇప్పుడు దాచడం దేనికి?"

"దాచేదేముందిరా? నేను కట్టింది పసుపు గుడ్డది, ఇంత. ఆ మూతికే కడదామని చెయ్యి పెడితే అప్పటికే అక్కడ ఇది ఉంది. ఒకరు కట్టిన చోట ఇంకొకరు కట్టకూడదు. నాది లైటు పక్కన ఇనప కడ్డీకి కట్టాను. వెళ్ళి చూసుకో."

వెళ్ళి చూశాను. ఉంది. చిన్నది, పసుపుపచ్చగా, బిగుతుగా, ఎవరి జోలికీ పోకుండా.

తిరిగొచ్చేసరికి అమ్మ ఆ నల్లమూట ముడి విప్పుతోంది. వద్దన్నాను. వినలేదు. లోపల ఉప్పు కరిగి గట్టిపడి ముద్ద అయింది. పటిక ముక్క, ఎండుమిరపకాయలు. అన్నీ మనం కట్టేవే. వాటి మధ్యలో ఇంకొకటి ఉంది. చిన్న దూది ఉండ. దానిమీద తెల్ల ప్లాస్టర్ అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. మధ్యలో గోధుమరంగు మచ్చ.

అమ్మ తన ఎడమ చెయ్యి పక్కన పెట్టుకుని చూసింది. శనివారం సూదులు తీశాక నర్సు వేసిన కట్టు ఇంకా ఊడలేదు. అదే దూది. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి.

రోగం వదలాలని ఒంటిని తాకిన వస్తువు మూటలో కలిపి కడతారని నాకు తెలుసు. అమ్మకి ఇంకా బాగా తెలుసు.

"ఈ బండిలో ఇంకొకావిడని అక్కడికే తీసుకెళ్ళారురా," అంది. "ఆవిడ వెళ్తోందా, మానేసిందా? కనుక్కునిరా. నీ కారు ఎక్కుతుందో ఎక్కదో నాకక్కర్లేదు. ఆవిడ సంగతి తెలిస్తే నా సంగతి నేను చూసుకుంటాను."

సోమవారం బల్కంపేట వెళ్ళాను. పెద్దాయన అదే అరుగు మీద ఉన్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఎక్కిందా సేట్?"

"ఎక్కుతుందన్నా."

ఆయన మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి నేను ముఖం చూశాను.

"ఇంట్ల ఆమెను తీస్కపోతుంటి," అన్నాడు. "ఊపిరాడకపోయేది, ఏసీ ఎయ్యమనేది. గా గోడ కాడ ప్రతిసారి గిట్లనే. ఎంతమందికి సూపిచ్చిన, బండికి ఏం లేదన్నరు. ఆమె గుళ్ళె అడిగి ఏదో కట్టింది. కట్టినంక జర మంచిగైతదనుకున్నం, ఇంక ఎక్కువైంది. ఒకనాడు, బండే పోనిస్తలేదు, నేనెందుకు పోవాలె అన్నది. ఇంక కాలు బయట పెట్టలే."

ఆవిడ పోయి ఎన్నాళ్ళయిందని నేను అడగలేదు. కొనేటప్పుడు సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా చిరగలేదని మురిసిపోయాను.

కట్టక ముందు బండికి ఏముందో నాకు తెలియదు. ఏసీ బరువుకి పాత ఇంజను కాస్త అలిసేదేమో. కట్టిన తర్వాత ఏం జరిగిందో మాత్రం నా కళ్ళతో చూశాను.

"ఏమైండె బండికి?" అన్నాడాయన.

ఎన్నో వేలసార్లు సరుకు గురించి అబద్ధం చెప్పినవాణ్ణి. అంత కష్టంగా ఎప్పుడూ చెప్పలేదు. "ప్లగ్గులు పోయినయన్నా. మార్చినం."

"గంతేనా," అన్నాడు.

దారిలో అమ్మకు చెప్పాల్సిన మాట తయారుచేసుకున్నాను. ఆవిడ బాగుంది, ఇప్పుడు ఇంకో ఆసుపత్రికి వెళ్తోంది, నిన్ను అడిగానని చెప్పమంది. అబద్ధం మీద అబద్ధం పేర్చి, అమ్మ అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబులు కూడా కుదుర్చుకున్నాను. ఇంట్లోకి వెళ్ళి మొదలుపెట్టాను. అమ్మ సగం వింది.

"ఒరేయ్. పురుగుపట్టిన కందిపప్పు అంటగట్టేటప్పుడు మీ నాన్న కూడా ఇలాగే గుక్కతిప్పుకోకుండా మాట్లాడేవాడు. ఆగి చెప్పు."

ఆగి చెప్పాను. ఉన్నది ఉన్నట్టు. ఆవిడ బండి మాట నమ్మి మానేసిందని, బండి చేత ఆ మాట అనిపించింది ఆవిడ మూటేనని, ఆ సంగతి ఆయనకు తెలియదని, నేను చెప్పలేదని.

అమ్మ రేపు రానంటే నా దగ్గర ఇంక బేరానికి ఏమీ మిగల్లేదు. అమ్మ లేచి ఆ దూదినీ ఉప్పునీ మళ్ళీ గుడ్డలో పెట్టి, ముడి వేసి, తీసుకుని వెనక గదిలోకి వెళ్ళింది.

"ఎవరూ చెప్పలేదన్నమాట ఆవిడకి," అంది అక్కణ్ణుంచే.

పొద్దున లేచేసరికి మూట కనిపించలేదు. ఏం చేసిందో నేను అడగలేదు. అమ్మ స్నానం చేసి, చీర కట్టుకుని, వరండాలో నిలబడి ఉంది. నేను కారు తలుపు తీశాను. ఎప్పటిలా ఎడమ పక్కన కూర్చుంది. మందుల సంచీ, నీళ్ళ సీసా, దుప్పటి ఎప్పుడూ పక్క సీట్లో పెట్టేది. ఆరోజు అన్నీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"పక్కన పెట్టుకోమ్మా, బరువు."

"పర్లేదు. పోనీ."

ఏసీ వేశాను. చౌరస్తా దాటి పైకి మళ్ళాను. గోడ మొదలవగానే నా పాదం దానంతటదే భయపడి వెనక్కి వచ్చింది. మళ్ళీ ఆనించాను. రాలిన సున్నం కనిపించింది. అద్దంలోకి చూశాను. అమ్మ గోడ వైపు చూడటం లేదు. కుడి పక్క ఖాళీ సీటు వైపు కొంచెం తిరిగి, ప్రయాణంలో పక్కవాళ్ళతో కూర్చున్నట్టు, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుని ఉంది. ఇంజను గొంతు మారలేదు. నిండుగా, ఒకే తీరున, సున్నం రాలిన చోటునీ గోడనీ దాటి పైదాకా పోయింది. వెనక పొగ లేదు.

ఆసుపత్రి గేటు ముందు ఆపాను. అమ్మ దిగింది. సంచీ భుజానికి తగిలించుకుని, తలుపు మీద చెయ్యి వేసింది గానీ మూయలేదు. వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. అయినా ఇంకొక మనిషి మెల్లగా జరిగి దిగడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది. తర్వాత జాగ్రత్తగా మూసి, లోపలికి నడిచింది.